మోటారు సంగతి సరే, సీటు సంగతి అడిగావా?

చెల్లీ, పవర్ వీల్‌ఛైర్ కొంటున్నామని అనగానే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఏమడుగుతారో నేను అక్కడ లేకుండానే చెప్పగలను. ఒకసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం పోతుంది? ఎంత స్పీడు? వీధి చివర ఎత్తు ఎక్కుతుందా? బావగారు అడుగుతారు, పక్కింటి మాస్టారు అడుగుతారు, షాపు కుర్రాడైతే అడక్కముందే చెప్పేస్తాడు. అన్నీ మోటారు ప్రశ్నలే. ఆ సీటు ఏమేం చేస్తుందమ్మా అని మాత్రం ఒక్కరూ అడగరు. అందుకే ఇవాళ మనిద్దరం సీటు గురించే మాట్లాడుకుందాం.

నువ్వే లెక్క వేసుకో. రోజు మొత్తంలో కుర్చీని నడిపేది ఎంతసేపు? పడగ్గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి, సాయంత్రం కింద పార్కు దాకా. అన్నీ కలిపినా గంట దాటదు. మిగతా పది పన్నెండు గంటలూ అందులో కూర్చునే ఉంటావు. ఆ గంట కోసం అన్ని ప్రశ్నలు వేసి, ఈ పన్నెండు గంటల గురించి ఒక్క ప్రశ్నా వెయ్యకపోతే ఎలా?

ఎదురుగా కూర్చున్న మనిషిని ఎవరినైనా కాసేపు గమనించు. కాలు మీద కాలు వేస్తారు, తీస్తారు, ఒక పక్కకి ఒరుగుతారు, చీర సర్దుకునే వంకతో కాస్త పైకి లేచి మళ్ళీ కూర్చుంటారు. అలా కదిలామన్న సంగతి వాళ్ళకే తెలీదు. ఎక్కడ ఒత్తుకుంటోందో నరం చెప్తుంది, కండరం కదిలిస్తుంది, అంతే. మనలాంటి వాళ్ళకి ఈ రెండింట్లో ఒకటైనా తెగిపోయింది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకి నరం కబురు అందదు. చర్మం కమిలిపోతున్నా తెలీదు. కండరాల క్షీణత ఉన్న నీకూ నాకూ కబురు అందుతూనే ఉంటుంది, కండరమే మాట వినదు. మంట పుడుతుంది, పిరుదు కింద ఎముక గుచ్చుకుంటుంది, జరగలేం.

అప్పుడేం చేస్తాం? పిలుస్తాం. ‘నాన్నా, కొంచెం ఇటు జరపవూ’ అంటాం. మొదటిసారి వాడు పరిగెత్తుకొస్తాడు. రెండోసారీ వస్తాడు. మూడోసారి పిలవడానికి మనకే నోరు రాదు. వాడికి రేపు పరీక్ష, అత్తయ్య పొయ్యి దగ్గర ఉంది, ఆయన ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చారు. ఇంకో అరగంట ఓర్చుకుందాంలే అనుకుంటాం. ఆ అరగంట రెండు గంటలవుతుంది. ఓర్చుకోవడం మనకి చిన్నప్పటినుంచీ నేర్పిన విద్య కదా! కానీ చెల్లీ, చర్మానికి ఓర్పు ఉండదు. రక్తం అందకపోతే అది లోపలినుంచే చచ్చిపోవడం మొదలుపెడుతుంది. పైకి చిన్న ఎర్ర మచ్చ కనబడేసరికి అడుగున ఎముక దాకా పాడై ఉండొచ్చు. ఆస్పత్రిలో బెడ్‌సోర్ అంటారు, మన అమ్మమ్మలు పడకపుండు అనేవాళ్ళు. మంచం మీదే వస్తుందనుకోకు, కుర్చీలోనూ వస్తుంది.

దీని చరిత్ర కొంచెం చెప్తాను, విను. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్మన్ అనే డాక్టరు వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కోసం వార్డు మొదలుపెట్టాడు. ఆ తర్వాత పారాలింపిక్స్‌కి పునాది వేసిందీ ఆయనే. అప్పటిదాకా అలాంటి గాయమైన సైనికులు ఎక్కువ కాలం బతికేవాళ్ళు కాదు. పడకపుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు ప్రాణం తీసేవి. రాత్రనక పగలనక రెండేసి గంటలకోసారి ప్రతి రోగినీ పక్కకి తిప్పాల్సిందేనని గుట్మన్ పట్టుబట్టాడు. తిప్పేవాళ్ళు తిప్పారు, మనుషులు బతికారు. ఇప్పుడు మన కుర్చీలో ఉండే చిన్న బటన్ చేసే పని అదే. తిప్పే చెయ్యి మాత్రం మనదే అవుతుంది. నాకు ఇందులో అన్నిటికంటే విలువైన మాట ఇదే, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

డబ్బున్నవాళ్ళకి ఈ బాధ ఉండదులే అనుకుంటావేమో. సూపర్‌మ్యాన్‌గా వేసిన క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతీసుకున్నాడు. ఆయనకి డాక్టర్లకీ నర్సులకీ కొదవలేదు. 2004 అక్టోబరులో గుండె ఆగేనాటికి ఆయన పడకపుండు వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్‌కి మందులు వాడుతున్నాడు. నిన్ను భయపెట్టాలని చెప్పడం లేదు. ఎంత చూసుకునేవాళ్ళున్నా ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదని చెప్తున్నాను.

సరే, బటన్ల దగ్గరికి వద్దాం. మొదటిదీ ముఖ్యమైనదీ టిల్ట్. సీటు కింద చిన్న మోటారు ఒక కడ్డీని తోస్తుంది. కూర్చునే భాగం, వీపు, పాదాల పలక అన్నీ ఒకే ముక్కగా వెనక్కి వాలతాయి. మోకాళ్ళు పైకి లేస్తాయి, తల వెనక్కి పోతుంది, నువ్వు మాత్రం కూర్చున్న భంగిమలోనే ఉంటావు. తొడకీ నడుముకీ మధ్య ఉన్న వంపు మారదు కనక ఒళ్ళు జారదు. పిరుదుల కింద పడుతున్న బరువు వీపు మీదికి పంచుకుపోతుంది. వెన్ను నిలబెట్టుకోలేక ముందుకి కూలబడిపోయేవాళ్ళకి భూమ్యాకర్షణే ఆసరా అవుతుంది. మెడ పట్టేసి తల నిలపలేని సాయంత్రాల్లో తలని వెనక దిండుకి అప్పగించి ఊపిరి పీల్చుకోవచ్చు. అన్నట్టు, తలకి ఆనుడు దిండు లేని టిల్ట్ కుర్చీ వద్దే వద్దు. వాలాక మెడ వేలాడిపోతుంది.

ఎంత వాలాలి అన్నదగ్గరే చాలామంది ఆగిపోతారు. మంచి కుర్చీలు 45 నుంచి 55 డిగ్రీల దాకా వాలతాయి. మనం వాడేది మాత్రం 10, 15 డిగ్రీలు. అంతమాత్రం వాలితే హాయిగానే ఉంటుంది, నడుము కుదురుకుంటుంది, కాదనను. కానీ పిరుదుల కింద బరువు దాంతో దాదాపు అలాగే ఉంటుంది. 30 డిగ్రీలు దాటాకే ఒత్తిడి చెప్పుకోదగ్గంత తగ్గుతుంది, ఇంకా వాలితే ఇంకా మేలు. వాలి వెంటనే లేచిపోకూడదు కూడా. నలిగిన చోటికి రక్తం తిరిగి చేరడానికి రెండు నిమిషాలైనా పడుతుంది, మూడైతే మరీ మంచిది. అరగంటకోసారి అలా చేయమని థెరపిస్టులు చాలామంది చెప్తారు. నీ చర్మాన్ని చూసి, నీ కుషన్‌ని చూసి మీ థెరపిస్టు ఇంకో లెక్క చెప్తే అదే పాటించు. ఫోన్‌లో అలారం పెట్టుకో. సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా వాలడం అలవాటు చేసుకున్నా సరే.

పూర్తిగా ఎందుకు వాలం అంటే, సిగ్గు. నాకు తెలుసు. చుట్టాలు కూర్చుని ఉంటారు, మన పాదాలు గాల్లోకి లేచి మామగారి వైపు తిరుగుతాయి. పేరంటంలో పసుపు రాయించుకుంటూ వెనక్కి వాలిపోతే ఎవరేమనుకుంటారో అని బిగుసుకుని కూర్చుంటాం. ఒక పని చెయ్యి. వచ్చేవాళ్ళకి ఎదురుగా కాకుండా గోడ పక్కన కొంచెం ఏటవాలుగా కుర్చీ ఆపుకో. పాదాలు ఎవరి వైపూ ఉండవు. మోకాళ్ళ మీద పల్చటి శాలువా వేసుకో. ‘నేను రెండు నిమిషాలు వెనక్కి వాలాలండీ, డాక్టరు చెప్పారు’ అని నవ్వుతూ చెప్పెయ్యి. డాక్టరు చెప్పారంటే మనవాళ్ళు ఇంకేమీ అనరు. ఆ తర్వాత కబుర్లు వాలే చెప్పుకోవచ్చు. నాలుగుసార్లు చూశాక వాళ్ళకే అలవాటైపోతుంది, పిల్లలైతే నువ్వెప్పుడు వాలతావా అని ఎదురుచూస్తారు.

ఇక రెండోది రిక్లైన్. దీని దగ్గర జాగ్రత్తగా ఉండు. షాపుల్లో ‘వెనక్కి వాలుతుందమ్మా’ అని చెప్పి చూపించేది ఎక్కువగా ఇదే. బస్సులో పుష్‌బ్యాక్ సీటు ఎలా ఉంటుందో ఇదీ అంతే. వీపు ఒక్కటే వెనక్కి పోతుంది, కూర్చునే భాగం కదలదు. నువ్వు అడిగేది టిల్ట్, వాళ్ళు చూపించేది రిక్లైన్ అయితే నీ డబ్బు పోతుంది, నీ పుండు నీకే మిగులుతుంది. తేడా కనిపెట్టడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. బటన్ నొక్కమని చెప్పి మోకాళ్ళ కేసి చూడు. మోకాళ్ళు పైకి లేస్తే టిల్ట్. మోకాళ్ళు ఉన్నచోటే ఉండి వీపు మాత్రం పడుకుంటే రిక్లైన్.

రిక్లైన్ చెడ్డదని కాదు నేననేది. పగలల్లా మడిచి ఉన్న తుంటి కీలు సాగడానికి అదే కావాలి. క్యాథెటర్ మార్చాలన్నా, బట్టలు సర్దాలన్నా, మధ్యాహ్నం మంచం మీదికి ఎత్తించుకోకుండానే ఓ కునుకు తీయాలన్నా అదే అక్కరకొస్తుంది. కానీ ఒక్కటే వాడితే ఒళ్ళు ముందుకి జారుతుంది. వీపు పలక ఒక దారిన, మన వీపు ఒక దారిన పోతాయి, మధ్యలో చర్మం రాపిడికి గురవుతుంది. బరువు వల్ల కలిగే నష్టానికి ఈ రాపిడి తోడైతే పుండు ఇంకా తొందరగా పడుతుంది. కాళ్ళూ నడుమూ బిగుసుకుపోయి కొయ్యబారే తత్వం ఉన్నవాళ్ళకి వీపు తెరుచుకోగానే ఒళ్ళంతా ఒక్కసారిగా బిగిసి కిందికి జారిపోవచ్చు కూడా. రెండూ ఉన్న కుర్చీ అయితే వరస గుర్తుపెట్టుకో. వాలేటప్పుడు ముందు టిల్ట్, తర్వాత రిక్లైన్. లేచేటప్పుడు ముందు రిక్లైన్ సరిచేసి, తర్వాత టిల్ట్ దించు. లేచాక ఎవరినైనా వీపు వెనక చెయ్యి పోనిచ్చి బట్ట ముడతలు లాగమను.

బట్టల మాట వచ్చింది కాబట్టి ఇది ఆడవాళ్ళకే చెప్పాలి. లంగా బొందు ముడి వెనక్కి రానివ్వకు. పక్కకో ముందుకో వేయించుకో. చీరకి వెనక వైపు పిన్నీసులు వద్దు. కుచ్చిళ్ళ బట్ట ఒత్తుగా పిరుదు కిందికి చేరకుండా చూసుకో. వెనక జేబులు, లావు కుట్లు ఉన్న ప్యాంట్లు మానెయ్యి. ఎన్ని లక్షల కుర్చీ అయినా, ఎంత గొప్ప కుషన్ అయినా మధ్యలో ఒక ముడి ఉంటే ఆ ముడి దగ్గరే పుండు లేస్తుంది. రోజూ స్నానమప్పుడు అమ్మనో చెల్లెలినో చూడమను, లేదా ఫోన్‌తో ఫొటో తీయించుకుని నువ్వే చూసుకో. వేలితో నొక్కినా తెల్లబడకుండా ఎర్రగానే ఉండే మచ్చ కనబడితే ఆ చోటి మీద బరువు పెట్టకూడదు, డాక్టరుకి చూపించాలి. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనబడకపోవచ్చు. చుట్టూ ఉన్న చర్మం కంటే వేడిగా, గట్టిగా, ముదురు రంగులో ఉన్నా అనుమానించు.

కాళ్ళు లేపే బటన్ గురించి రెండు ముక్కలు చాలు. సాయంత్రానికి పాదాలు ఉబ్బిపోతున్నాయని చాలామంది ఇది పెట్టించుకుంటారు. కాళ్ళు బారచాపి ముందుకి పెట్టినంత మాత్రాన వాపు దిగదు. పాదాలు గుండె కన్నా ఎత్తుకి రావాలి. అంటే టిల్ట్, రిక్లైన్, కాళ్ళు మూడూ కలిస్తేనే పని జరుగుతుంది. వీపు నిటారుగా ఉంచి కాళ్ళు మాత్రం లేపితే తొడ వెనక నరాలు, కండరాలు లాగి నడుముని ముందుకి జార్చేస్తాయి.

ఇప్పుడు నా మనసుకి దగ్గరైన బటన్. సీటు పైకి లేచేది. సీటు మొత్తం నిటారుగా పది పన్నెండు అంగుళాలు పైకి వెళ్తుంది. వినడానికి ఇంతే. కానీ మన వంటింటి గట్టు ఎంత ఎత్తు ఉంటుంది? సుమారు 32 నుంచి 34 అంగుళాలు. కుర్చీలో కూర్చుంటే పోపు గిన్నె అంచు కనబడుతుంది, లోపల ఆవాలు చిటపటలాడుతున్నాయో మాడుతున్నాయో కనబడదు. భుజాలు పైకెత్తి గరిటె తిప్పితే వేడి నూనె మొహం ఎత్తులో ఉంటుంది. అదే సీటు లేపుకుంటే గిన్నెలోకి చూస్తూ వండొచ్చు. పై అరలో దాచిన చింతపండు జాడీ నీ చేతికే అందుతుంది. భుజం పైకెత్తి చేసే పనులు ఏళ్ళ తరబడి సాగితే కీలు అరిగిపోతుంది. కుర్చీలో ఉన్నవాళ్ళకి కాళ్ళ పని కూడా చేసేది ఆ భుజాలే కాబట్టి వాటిని కాపాడుకోవడం చిన్న విషయం కాదు.

కుర్చీ నుంచి మంచం మీదికి జరిగేటప్పుడు మంచం కన్నా కుర్చీ ఒక అంగుళమో రెండంగుళాలో ఎత్తుగా ఉంటే పల్లానికి జరిగినట్టే. తిరిగి వచ్చేటప్పుడు కుర్చీని మంచం కన్నా దించుకో. పట్టుకునేవాళ్ళ నడుము కూడా బతుకుతుంది. మనల్ని ఎత్తే అమ్మలకీ వదినలకీ నడుము నొప్పి ఎలా వస్తుందో మనకంటే ఎవరికి తెలుసు!

పైగా ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడటం. పెళ్ళికి వెళ్తే మనకి కనబడేది జనం నడుములు, హ్యాండ్‌బ్యాగులు. మనతో మాట్లాడాల్సినవాళ్ళు మన తల మీదుగా మన వెనకున్న మనిషిని అడుగుతారు: ‘ఆమె భోంచేస్తుందా?’ సీటు పైకి లేపుకుని మొహానికి మొహం ఉన్నప్పుడు ఆ ప్రశ్న నన్నే అడుగుతారు. దీన్ని విలాసం అనేవాళ్ళని నేను ఒప్పుకోను. అమెరికాలో మెడికేర్ బీమా కూడా చాలాకాలం అలాగే అంది, సీటు పైకి లేవడం ప్రధానంగా వైద్య అవసరం కాదు పొమ్మంది. కుర్చీలు వాడేవాళ్ళు, థెరపిస్టులు ఏళ్ళపాటు పోరాడారు. చివరికి 2023 మే నెలలో, అర్హత ఉన్నవాళ్ళకి కొన్ని రకాల పవర్ కుర్చీల మీద ఆ అమరిక ఖర్చు భరిస్తామని నిర్ణయం వచ్చింది. నిలబెట్టే కుర్చీల సంగతి మాత్రం అప్పుడు తేల్చలేదు. అక్కడ పిల్లల దగ్గర స్థిరపడిన మన అమ్మానాన్నల్లో మెడికేర్ ఉన్నవాళ్ళెవరైనా పవర్ కుర్చీ కోసం చూస్తుంటే, ఈ మాట పిల్లల చెవిన వెయ్యి.

నిలబెట్టే కుర్చీలు అన్నాను కదా. మన దేశంలో ఐఐటీ మద్రాస్ వాళ్ళు 2019లో అరైజ్ అనే కుర్చీ తెచ్చారు. అది మోటారుతో కాదు, చేత్తో లీవర్ నడిపి కూర్చున్నవాళ్ళే నిలబడేది. గొప్ప ప్రయత్నం. అయితే చేతుల్లో కొంత బలం కావాలి. ఏ రకం నిలబడే కుర్చీ అయినా డాక్టరు పరీక్షించి సరేనన్నాకే ఎక్కు. ఏళ్ళ తరబడి కాళ్ళ మీద బరువు పడకపోతే ఎముకలు గుల్లబారి ఉంటాయి, తొందరపడితే విరిగే ప్రమాదం ఉంది.

కొన్ని జాగ్రత్తలు గుర్తున్న వరసలో చెప్పేస్తాను. అన్నం తినేటప్పుడు వాలకు, తల వెనక్కి ఉంటే మెతుకు శ్వాసనాళంలోకి పోతుంది. తిన్న తర్వాత కూడా ఓ అరగంట నిటారుగానే ఉండు. ఊపిరి కండరాలు బలహీనంగా ఉన్నవాళ్ళకి పూర్తిగా చదునుగా పడుకుంటే ఆయాసం రావచ్చు, కనక రిక్లైన్ కొద్దికొద్దిగా పెంచుకో. కూర్చున్నచోట కళ్ళు తిరిగి చీకట్లు కమ్మితే బీపీ పడిపోయి ఉండొచ్చు, వెంటనే టిల్ట్ చేసి వాలు. కానీ వెన్నుపాము ఛాతీ పైభాగంలోనో మెడలోనో దెబ్బతిన్నవాళ్ళకి హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు వస్తే సరిగ్గా దీనికి ఎదురు చెయ్యాలి. బీపీ ప్రమాదకరంగా పెరిగిపోయి ఉంటుంది. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్ళు కిందికి దించి, మూత్రం ట్యూబు మడత పడిందేమో చూసి, బిగుతు బట్టలు వదులు చేసి, తగ్గకపోతే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఒకే కుర్చీ, ఎదురెదురు బటన్లు. ఇంట్లో అందరికీ ఈ తేడా నేర్పు.

బాగా వాలి ఉన్నప్పుడో, పైకి లేచి ఉన్నప్పుడో కుర్చీ మెల్లగా నడుస్తుంది, కొన్ని అసలు కదలవు. చెడిపోయిందని కంగారుపడకు, బోల్తా కొట్టకుండా అలా చేసి ఉంటారు. ర్యాంపు దిగేటప్పుడు కొద్దిగా వెనక్కి వాలితే ముందుకి తూలిపోవు. ఎక్కేటప్పుడు మాత్రం వాలకూడదు. సీటు దించేముందు కిందికి చూడు. పసిపిల్లల చేతులు, పిల్లి, చీర కొంగు, మూత్రం సంచి ట్యూబు, చార్జర్ వైరు, ఏదైనా అక్కడ ఇరుక్కోవచ్చు. వాలేముందు వెనక గోడకి ఎంత ఎడముందో చూడు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ బటన్ ఎవరి చేతిలో ఉంది? ఎంత ప్రేమగా చూసుకునేవాళ్ళయినా సరే, నీకు చెప్పకుండా నిన్ను వాల్చకూడదు. మాట మధ్యలో ఆకాశం కనబడేలా ఒక్కసారి వెనక్కి పడిపోతే గుండె ఝల్లుమంటుంది. ‘వాలుస్తున్నానమ్మా’ అని చెప్పి, నువ్వు సరేనన్నాకే నొక్కాలి. మొదటిరోజే ఇంట్లో ఈ నియమం పెట్టు, పనిమనిషికీ మనవడికీ కూడా. నీ వేళ్ళ బలం తగ్గుతోంది కాబట్టి ఇవాళ నొక్కగలిగే బటన్ రేపు నొక్కలేకపోవచ్చు. జాయ్‌స్టిక్‌తోనే సీటు కదిలే ఏర్పాటు ఉందా, తలతోనో గడ్డంతోనో నొక్కే స్విచ్ తర్వాత తగిలించుకునే వీలుందా అని ఇప్పుడే అడుగు. బటన్ చెయ్యి అందనంత దూరంలో, వీపు వెనక పెట్టి ఇచ్చే కుర్చీలు కూడా ఉన్నాయి. నా దృష్టిలో అది మన కుర్చీ కాదు, తోసేవాళ్ళ కుర్చీ.

ఇక డబ్బు. అన్నీ ఉన్న దిగుమతి కుర్చీ లక్షల్లో ఉంటుంది, దాచడం ఎందుకు. వైకల్య సర్టిఫికెట్ చూపిస్తే ప్రభుత్వం ఇచ్చే బ్యాటరీ మూడుచక్రాల బండ్లు బయట తిరగడానికి ఎంతోమందికి ఆసరా అయ్యాయి, కానీ వాటిలో మనక్కావలసిన ఈ సీటు కదలికలు ఉండవు. ఒక్కదానికే చేతిలో డబ్బుంటే మనలాంటి కండరాల జబ్బుకి నా ఓటు టిల్ట్‌కే. రెండోదానికి మిగిలితే సీటు పైకి లేపేది. రిక్లైన్ ఆ తర్వాత. వెన్నుపాము గాయమైనవాళ్ళకి ఈ వరస మారొచ్చు, అది వాళ్ళ థెరపిస్టు తేల్చాలి. పవర్ టిల్ట్‌కి స్తోమత లేకపోతే చేత్తో వాల్చే టిల్ట్ కుర్చీలు ఉన్నాయి, ధర చాలా తక్కువ. అందులో ఇంకొకరి చెయ్యి కావాలి, కాబట్టి వేళలు ముందే మాట్లాడుకోండి. ఇంట్లోవాళ్ళకి అది గుర్తుండే పనవుతుంది, నీకు అడుక్కునే పని తప్పుతుంది. అదీ కుదరనంతకాలం, బల్ల మీద దిండు పెట్టుకుని ఛాతీ ఆనేదాకా ముందుకి వంగి రెండు మూడు నిమిషాలుండు. ముందుకి వంగినా పిరుదుల కింద బరువు బాగా తగ్గుతుంది. ఒంటరిగా చెయ్యకు, పక్కన ఒకరుండాలి.

షాపుకి వెళ్ళినప్పుడు ఐదు నిమిషాలు కూర్చుని లేచి రాకు. కనీసం రెండు గంటలు కూర్చుంటానని ముందే ఫోన్ చేసి చెప్పు. ఒప్పుకోకపోతే ఇంకో షాపు చూద్దాం. నీ కుషన్ వెంట తీసుకెళ్ళు. ఈ ఆదివారం తమ్ముడి చేత మూడు కొలతలు తీయించి నాకు పంపు: బాత్‌రూమ్ గుమ్మం వెడల్పు, మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు లోపలి లోతు, మంచం ఎత్తు. మంచం కొలిచేటప్పుడు పరుపు మీద ఎవరినైనా కూర్చోబెట్టి, అది కుంగాక కొలవమను.